కొడుకు సంతకం, కోడలి చేతులు

ముసలితనంలోనో జబ్బులోనో ఉన్న మనిషికి ఒళ్లు కడిగి, బట్టలు మార్చి, నోటికి ముద్ద అందించే పనికి మన భాషలో రెండు పేర్లున్నాయి. ఇంట్లోవాళ్లు చేస్తే సేవ. బయటివాళ్లు చేస్తే చాకిరీ. సేవకు పేరొస్తుంది, డబ్బు రాదు. చాకిరీకి కాస్త డబ్బొస్తుంది, పేరు రాదు. పని మాత్రం ఒకటే. చేసేది కూడా దాదాపు ఎప్పుడూ ఆడమనిషే. ఈ రెండు పేర్లలో దేనికీ పూర్తిగా చెందకుండా నేను నాలుగేళ్లుగా బతుకుతున్నాను. మా అత్తయ్యను చూసుకుంటున్నందుకు కాలిఫోర్నియా రాష్ట్రం నాకు గంటల లెక్కన జీతం ఇస్తోంది.

ఈ సంగతి తెలిసినవాళ్లలో కొందరు ఎంత అదృష్టం అన్నారు. కొందరు మొహం అదోలా పెట్టారు. మా ఆడపడుచు డల్లాస్ నుంచి ఫోన్ చేసి, "అమ్మకి చేసినదానికి డబ్బులు తీసుకుంటున్నావా వదినా?" అంది. దెప్పడానికి అడగలేదు. నిజంగానే బాధపడింది. ఫోన్లో నేనిచ్చిన జవాబు పొట్టిది. "పిల్లలకి చదువు చెప్పినందుకు మీ అత్తగారు జీతం తీసుకోలేదా?" అన్నాను. ఇక్కడ ఆ జవాబుని పొడిగించాలనుంది, ఎందుకంటే ఆమె అడిగినదే ఈ దేశంలో శాసనసభలూ కోర్టులూ కూడా ఎనభై ఏళ్లుగా వేరే మాటల్లో అడుగుతూ వస్తున్నాయి.

ముందు ఆ డబ్బు సంగతి. అమెరికాలో 1965లో రెండు ప్రభుత్వ ఆరోగ్య బీమాలు పుట్టాయి. 65 ఏళ్లు దాటినవాళ్లకి మెడికేర్, పేదవాళ్లకి మెడికెయిడ్. మెడికేర్ డాక్టరుకీ ఆసుపత్రికీ డబ్బిస్తుంది గాని, రోజూ స్నానం చేయించే మనిషికి ఇవ్వదు. ఏళ్ల తరబడి సాగే ఆ పనికి డబ్బు పెట్టే ప్రభుత్వ బీమా ప్రధానంగా మెడికెయిడే. అది కూడా ఒక మెలికతో. నర్సింగ్ హోమ్‌లో చేరితే ఖర్చు భరించడం ప్రతి రాష్ట్రానికీ తప్పనిసరి. (మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. ఇక్కడ ముసలివాళ్లు చివరిదాకా ఉండిపోయే చోటు.) ఇంట్లోనే ఉండి మనిషి సాయం తీసుకుంటానంటే మాత్రం, ఇవ్వడం ఇవ్వకపోవడం చాలావరకు రాష్ట్రం ఇష్టం. 1981లో చట్టం మార్చి ఇంటి సాయానికి దారి తెరిచారు. 1999లో జార్జియా రాష్ట్రానికి చెందిన లోయిస్ కర్టిస్, ఎలెయిన్ విల్సన్ అనే ఇద్దరు స్త్రీల కేసులో, బయట బతకగలిగిన మనుషుల్ని సంస్థల్లో పెట్టి ఉంచడం వివక్ష కిందికే వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2013 నాటికి గాని ఇళ్లలో సాయానికి పెట్టే మెడికెయిడ్ ఖర్చు సంస్థల ఖర్చుని దాటలేదు. ఇప్పటికీ ఇంటి సాయం కోసం చాలా రాష్ట్రాల్లో లక్షలమంది పేర్లు రాయించుకుని ఎదురుచూస్తున్నారు.

కాలిఫోర్నియాలో నాకు జీతమిచ్చే పథకానికి ఆ వరసలు లేవు. ఇక్కడ 1970లనుంచి ఇన్-హోమ్ సపోర్టివ్ సర్వీసెస్ అనే పథకం ఉంది. నోరు తిరగక అందరూ ఐ.హెచ్.ఎస్.ఎస్. అంటారు. 8 లక్షల మందికి పైగా దానిమీద ఆధారపడి ఇళ్లలో ఉంటున్నారు. వాళ్లకి పనిచేసేవాళ్లలో ఎక్కువమంది బంధువులే: కూతుళ్లు, తల్లులు, భార్యలు, నాలాంటి కోడళ్లు.

ఈ పథకం వెనక వికలాంగుల ఉద్యమం ఉంది. ఎడ్ రాబర్ట్స్ లాంటివాళ్లు 1972లో బర్క్లీలో స్వతంత్ర జీవన కేంద్రం పెట్టి, మాకు జాలిపడే నర్సులొద్దు, మేం చెప్పినట్టు చేసే సహాయకులు కావాలి అని వాదించారు. ఆ వాదం నెగ్గింది కాబట్టే ఇక్కడ సాయం పొందే మనిషే యజమాని. ఎవరిని పెట్టుకోవాలో, ఎవరిని మాన్పించాలో, ఏ పని ఎలా చేయాలో ఆ మనిషే చెప్పాలి. జీతం మాత్రం ప్రభుత్వం ఇస్తుంది. అంటే చట్టప్రకారం మా అత్తయ్య నా యజమానురాలు. నెలకి రెండుసార్లు నేను గంటలు వేసి పంపిస్తే, ఆవిడ ఫోన్లో అంకెలు నొక్కి ఔనని ఒప్పుకోవాలి. ఈ మాట చెప్పినప్పుడు తెనాలిలో మా స్నేహితురాలు పడీపడీ నవ్వింది. "అత్త ఎప్పుడు యజమానురాలు కాదు గనక! కాకపోతే ఇప్పుడు జీతం ఇస్తోంది" అంది.

నవ్వులాటకే అన్నా అందులో విషయం ఉంది. 2021లో పక్షవాతం వచ్చి అత్తయ్యకి ఎడమ పక్క పడిపోయింది. మొదటి కొన్ని నెలలు, ఈ పథకం గురించి తెలియక ముందు, ఆవిడ సాయంత్రం ఐదు దాటితే మంచినీళ్లు తాగడం మానేసింది. రాత్రి బాత్రూముకి నన్ను లేపాల్సి వస్తుందని. నోరెండిపోయినా అడగదు. నా గంటలు మంజూరై, కాగితాలమీద తన పేరు యజమాని అని పడ్డాక, మెల్లగా అడగడం మొదలుపెట్టింది. "ఊరికే చేయించుకుంటున్నానన్న బాధ లేదమ్మాయ్ ఇప్పుడు. పిలవబుద్ధేస్తోంది" అంది ఒకరోజు. డబ్బు మధ్యలోకొస్తే ప్రేమ చెడుతుందంటారు. మా ఇంట్లో డబ్బు వచ్చాకే ఆవిడ రాత్రిపూట నీళ్లు తాగగలిగింది. ఎవరి ప్రేమ ఎంత చెడిందో నాకు తెలీదు గాని, ఆవిడ శరీరానికి మాత్రం మేలే జరిగింది.

అయితే ఈ డబ్బు దేన్ని కొలిచి ఇస్తారో కూడా చూడాలి. ఏడాదికోసారి కౌంటీ నుంచి సోషల్ వర్కర్ వస్తుంది. స్నానం, తల దువ్వడం, బట్టలు, అన్నం తినిపించడం, మలమూత్రాలు, మంచం మీంచి కుర్చీలోకి మార్చడం, ఒళ్లు పుళ్లు పడకుండా పక్కకి తిప్పడం, ఒక్కోదానికీ ఒకటి నుంచి ఐదు దాకా అంకె. ఒకటంటే తనే చేసుకోగలదు, ఐదంటే అసలు చేసుకోలేదు. ఆ అంకెని బట్టి వారానికిన్ని నిమిషాలు. ఇల్లు ఊడ్చి తుడవడానికి ఇంటి మొత్తానికి నెలకి 6 గంటలు, సరుకులకి వారానికి గంట. అన్నీ కలిపి నెలకి 283 గంటలు దాటకూడదు. అన్ని గంటలు వచ్చేవాళ్లు కొద్దిమందే.

అత్తయ్య పరువుగల మనిషి. వచ్చినామె "స్నానం ఎలా చేస్తారు?" అని దుబాసీ ద్వారా అడిగితే, "నేనే చేసుకుంటానండీ" అంది, కొంగు సర్దుకుంటూ. పరాయి మనిషి ముందు ఇంకేం చెబుతుంది? అప్పుడు నేను కల్పించుకుని, లేదు, చేసుకోలేదు, కాలు తొట్టి దాటించలేదు, వీపు రుద్దుకోలేదు, కడుక్కోవడం కూడా నేనే, అని ఒక్కోటీ చెప్పాలి. ఆవిడ తలదించుకుని వింటూ కూర్చుంటుంది. ఆవిడకి ఎన్ని పనులు రావని నేను చెబితే నాకు అన్ని నిమిషాలు. సాయం అందాలంటే మనిషి తన అశక్తతను వరసగా అప్పజెప్పాలనే ఈ పద్ధతి నాకు ఏ కోశానా నచ్చదు. వేరే పద్ధతేమిటని అడిగితే సులువైన జవాబూ లేదు. ప్రజల డబ్బు, లెక్క కావాలి. 2016లో వచ్చిన చట్టంతో మెడికెయిడ్ మీద పనిచేసే సహాయకులు ఎక్కడ ఎప్పుడు పని మొదలుపెట్టారో ఎప్పుడు ముగించారో ఎలక్ట్రానిక్‌గా నమోదు కావాలన్నారు. ఆ ఇంట్లోనే కాపురముండే నాలాంటివాళ్లని కాలిఫోర్నియా దాన్నుంచి మినహాయించింది. ఆసుపత్రుల బిల్లుల్లో పోయే డబ్బుమీద కూడా ఇంత నిఘా ఉంటే బాగుండును.

ఆ అంకెల పట్టికలో లేనిది ఒకటుంది. పక్కన కూర్చోవడం. మతిమరుపు జబ్బులో ఉండి, వదిలేస్తే ప్రమాదమైన మనిషికైతే కాపలా కింద గంటలిస్తారు. మతి సరిగ్గా ఉన్న మనిషి భయపడినప్పుడు చెయ్యి పట్టుకు కూర్చోవడానికి, చిన్నప్పటి వరదల కథ పదోసారి వినడానికి నిమిషాల్లేవు. ఇక్కడే నాకు ఈ దేశపు చట్టాల్లో ఒక విడ్డూరం కనిపించింది.

1938లో వచ్చిన కనీస వేతన చట్టం రక్షణ ఇంటిపనివాళ్లకి అందలేదు. అప్పట్లో ఆ పనుల్లో నల్లజాతి స్త్రీలు ఎక్కువ. 1974లో ఇంటిపనివాళ్లని చేర్చారు. కాని ముసలివాళ్లకీ జబ్బువాళ్లకీ 'తోడు' ఉండేవాళ్లని పక్కన పెట్టారు. తోడుండడం పనెలా అవుతుంది అని. ఏజెన్సీ కింద రోజంతా మనుషుల్ని ఎత్తి దించే ఆడవాళ్లని కూడా ఈ తోడు కిందే జమకట్టారు. జమైకా నుంచి వచ్చి న్యూయార్కులో ఇరవై ఏళ్లు ఈ పని చేసిన ఎవలిన్ కోక్ ఓవర్‌టైమ్ ఇవ్వాలని కేసు వేసింది. 2007లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా ఆమెకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. 2009లో ఆమె చనిపోయింది. 2013లో కార్మిక శాఖ నిబంధన మార్చింది. కోర్టు గొడవలు దాటుకుని 2015లో గాని అది అమల్లోకి రాలేదు. 2025 జులైలో అదే శాఖ ఆ మార్పుని రద్దు చేయాలని ప్రతిపాదన పెట్టింది.

కార్మిక చట్టమేమో ఇదంతా తోడు, కాబట్టి కూలి అక్కర్లేదంది. బీమా లెక్కేమో తోడు తప్ప మిగిలినదానికే కూలి ఇస్తానంటోంది. ఒకచోట ప్రేమ పేరు చెప్పి జీతం ఎగ్గొట్టారు, ఇంకోచోట జీతం ఇచ్చేటప్పుడు ప్రేమని లెక్కలోంచి తీసేశారు. రెండు చోట్లా ఆ ప్రేమ మాత్రం జరగాల్సిందే. అది జరుగుతుందన్న ధీమా మీదే రెండు చట్టాలూ నిలబడ్డాయి. ఈ పని చేసేవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా స్త్రీలు కాకపోయుంటే ఇలాంటి చట్టాలు రాయడం సాధ్యమయ్యేదా?

మా ఆడపడుచు బాధలో ఇంకో ముక్క ఉంది. అది డబ్బు తీసుకోవడం గురించి కాదు, పేదవాళ్ల బీమా తీసుకోవడం గురించి. కొడుకు సంపాదిస్తున్నాడు కదా, తల్లిని చూసుకోవద్దా అని. తెలుగువాళ్ల పార్టీల్లో ఈ మాట తరచూ వింటాను, సాధారణంగా మగవాళ్ల నోట. ఇది తేలిగ్గా తోసెయ్యాల్సిన ప్రశ్న కాదు. అత్తయ్యని గ్రీన్ కార్డు మీద తెచ్చుకున్నప్పుడు, ఆవిడ పోషణ పూచీ నాది అని మా ఆయన ప్రభుత్వానికి సంతకం పెట్టారు. ఆవిడ పౌరసత్వం తీసుకోవడంతో ఆ పూచీ చట్టప్రకారం తీరిపోయింది. ఆవిడ పేర ఇక్కడ ఆస్తి లేదు, ఆదాయం లేదు. మా ఆయన గిడ్డంగిలో సూపర్‌వైజరు. బే ఏరియాలో ఒక జీతంతో అద్దె కట్టేవాళ్లకి బయట మనిషిని పెట్టుకునే స్తోమత ఉండదు.

ఇవన్నీ లెక్కలు. నాకు అంతకంటే ముఖ్యమనిపించింది వేరే. కొడుకు చూసుకోవాలి అన్న మాటలో ఒక మనిషి దాక్కుని ఉంది. సంతకం కొడుకుది. 2021లో ప్రీస్కూల్లో ఉద్యోగం మానేసింది కోడలు. ఆ ఫారం మీద నా పేరు ఎక్కడా లేదు. నన్నెవరూ అడగలేదు కూడా. ఆయన మంచివాడు, తల్లంటే ప్రాణం, సాయంత్రం వచ్చి పక్కన కూర్చుని టీవీ పెడతారు, మందులు సర్దుతారు. తల్లిని స్నానానికి తీసుకెళ్లడం తన వల్ల కాదన్నారు. అత్తయ్య కూడా ఒప్పుకోదు. సరే, అది ఆవిడ ఇష్టం, ఆవిడ శరీరం. కాని ఆయన 'వల్ల కాదు' అన్నది సిగ్గుగా చలామణీ అయింది. అదే మాట నేనంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. ప్రభుత్వం డబ్బివ్వకూడదు, కుటుంబమే చూసుకోవాలి అనేవాళ్లు కుటుంబం అనే మాట బదులు ఓసారి ఆ ఇంట్లో ఆడమనిషి పేరు పెట్టి ఆ వాక్యం చదువుకోవాలి.

స్త్రీవాదులలోనే దీనికి వేరే అభ్యంతరం ఉంది. 1972లో ఇంటిపనికి జీతం కావాలనే ఉద్యమం మొదలైనప్పటి నుంచీ ఉన్నదే. జీతం ఇస్తే స్త్రీని ఆ పనికి శాశ్వతంగా కట్టేసినట్టే గదా అని. నా అనుభవంలో అది సగం నిజం. రాష్ట్ర కనీస వేతనానికి కాస్త పైనుండే ఈ గంట జీతం వస్తున్నకొద్దీ, నేను మళ్లీ ప్రీస్కూలుకి వెళ్లాలన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. ఇంకో పక్క, నాలుగేళ్లుగా నా పేర చెక్కు వస్తోంది. నా ఖాతాలో పడుతోంది. నేను చేస్తున్నది పని అని రుజువు కావాల్సినప్పుడు నాలుగేళ్ల కాగితాలున్నాయి. మా అమ్మ తన అత్తకి పదకొండేళ్లు చేసింది. ఆ పదకొండేళ్లకి కాగితం ముక్క లేదు.

అందరికీ ఆ కాగితాలు ఒకలా పనికిరావు. వయసొచ్చిన కూతురు తల్లికి చేస్తే ఆ జీతం మీద సోషల్ సెక్యూరిటీ కడతారు, రేపు పింఛను లెక్కలోకొస్తుంది. భార్య భర్తకి చేసినా, తల్లి వికలాంగుడైన కొడుకుకి చేసినా రాదు. ఆ జీతాన్ని మినహాయించారు. ఇరవై ఏళ్లు కొడుకుని చక్రాల కుర్చీలోకి ఎత్తిన తల్లి, అరవై అయిదేళ్లకి ఏ పనీ చెయ్యనిదానిగా లెక్కకొస్తుంది. ఈవా ఫెడర్ కిట్టే 1999లో 'లవ్స్ లేబర్' పుస్తకం రాసింది. తీవ్ర వైకల్యంతో పుట్టిన కూతుర్ని పెంచిన తత్వవేత్త ఆమె. ఒకర్ని ఆధారపడనిచ్చిన మనిషికి తాను ఆధారపడ్డానికి ఎవరో ఒకరు ఉండాలని, అది దయ కాదు, న్యాయమని ఆమె వాదన. ఈ బీమా చట్టాలు రాసినవాళ్లు సరిగ్గా ఆ రెండో మనిషి దగ్గరే ఆగిపోయారు.

2014లో ఇల్లినాయ్ రాష్ట్రం నుంచి వచ్చిన కేసు నన్ను ఇబ్బంది పెట్టింది. కొడుక్కి సాయం చేస్తూ మెడికెయిడ్ జీతం తీసుకుంటున్న పమేలా హారిస్ అనే తల్లి, తన ఇల్లు ఫ్యాక్టరీ కాదని, యూనియన్‌కి రుసుము కట్టనని సుప్రీంకోర్టుకెళ్లి గెలిచింది. ఈ సహాయకులు పూర్తి ప్రభుత్వోద్యోగులు కారని కోర్టు తేల్చింది. ఆమె బాధ నాకర్థమవుతుంది. తన ఇంటిని ఇంకొకరి పనిచోటుగా వర్ణిస్తే నాకూ చివుక్కుమంటుంది. కాని ఆ జీతం పెరగడానికి కారణం, 1999లో లాస్ ఏంజెలెస్‌లో 74 వేలమంది ఇళ్లలో పనిచేసేవాళ్లు ఒక్కసారిగా యూనియన్‌లో చేరడం లాంటివే. ఇంటి పవిత్రత కూలి పెంచదు.

ఈ జీతం ఎంత పలచటి నేల మీద నిలబడిందో చెప్పాలి. బడ్జెట్ తరుగుపడ్డప్పుడు కాలిఫోర్నియా 2013 జులై నుంచి అందరి గంటల్లోనూ 8 శాతం కోసింది, మరుసటేడు 7 శాతం, 2015లో తిరిగిచ్చింది. ఆ రెండేళ్లూ ముసలివాళ్లకి మురికి 8 శాతం తక్కువేమీ పట్టలేదు. కోసిన నిమిషాల్లో పని జీతం లేకుండా జరిగింది, అంతే. 2025 జులైలో అయిన కొత్త చట్టం పదేళ్లలో మెడికెయిడ్‌కి కేంద్రం ఇచ్చే డబ్బులో 900 బిలియన్ డాలర్లకు పైగా తగ్గిస్తుందని అంచనా. నర్సింగ్ హోమ్ ఖర్చు తప్పనిసరి, ఇంటి సాయం ఐచ్ఛికం అని ముందే చెప్పాను. కత్తెర దేనిమీద ముందు పడుతుందో ఊహించుకోవచ్చు.

ఆదివారాలు నా గంటల్లో కొన్ని వేరే ఆమె చేస్తుంది. సాల్వడోర్ నుంచి వచ్చినామె. ఆమె తల్లి అక్కడ చెల్లెలి దగ్గర ఉంది, ఈమె డబ్బు పంపుతుంది. మా అమ్మ తెనాలిలో అన్నయ్య దగ్గర ఉంది. తుంటి ఎముక విరిగి ఏడాదిన్నరగా మంచంలో ఉంది. 2024 అక్టోబరు నుంచి 70 దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్ కార్డు ఇస్తున్నారు. 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉండనే ఉంది. రెండూ ఆసుపత్రి మంచం దాకానే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పక్షవాతంతో పూర్తిగా మంచం పట్టినవాళ్లకి నెలకి 15,000 రూపాయల పింఛనిస్తున్నారు, అది చిన్న మొత్తం కాదు. కాని అది మంచంలో ఉన్న మనిషి పేరనే. పక్కన నిలబడి ఎత్తే మనిషి అక్కడ ఏ రిజిస్టర్లోనూ లేదు.

అమ్మకి ఒకామె చేస్తోంది. జీతం అన్నయ్య ఇస్తాడు, నేను సగం పంపుతాను. ఇక్కడ నాకు వచ్చే డబ్బులోంచే. నాకు గంటలున్నాయి, ఆమెకి లేవు. పొద్దున ఆరుకి వస్తుంది, అమ్మ నిద్రపోయాక వెళుతుంది. ఆదివారం కూడా. ఆమెకి వారానికో రోజు సెలవివ్వాలని పోయిన సంక్రాంతికి అన్నయ్యతో అన్నాను. "మనింట్లో మనిషిలాంటిదే, ఆమేం అడగలేదు. నువ్వెందుకు లేనిపోనివి నేర్పుతావు?" అన్నాడు. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఒప్పుకున్నాడు. మరి ఆదివారం ఎవరు చేస్తారన్నాడు. నువ్వు చెయ్యి అన్నాను.

మొదటి ఆదివారం నిజంగానే చేశాడట. టిఫిను పెట్టాడు, మందులిచ్చాడు, మధ్యాహ్నం పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించాడు. అమ్మ ఫోన్లో మురిసిపోతూ చెప్పింది. స్నానం ఎవరు చేయించారమ్మా అంటే, "మీ వదిన" అంది.